పథ్యము: పరీక్షయా, సిద్ధపాటా?



ఈ మాసము మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న వినుటకు చిన్నది. అది ఆసుపత్రిలో పుట్టినది. అయినను మన సంఘపు బంతిలోనికిని, నా ప్రసంగపీఠము మీదికిని, తుదకు నా మనస్సాక్షిలోనికిని వచ్చినది గనుక వ్రాయుచున్నాను. మనకు మేలు చేయబోవు వైద్యుడు ఆ మేలునకు ముందు మనలను కొంత కష్టపడుమని అడిగినయెడల, ఆ కష్టమును మనము ఏమని యెంచవలెను? మనము ఆ మేలునకు తగినవారమో కాదో చూచు పరీక్ష అనియా? లేక ఆ మేలు మనలోనికి వచ్చుటకు త్రోవ సరిచేయు సిద్ధపాటు అనియా? కష్టము ఒక్కటియే గదా, పేరు ఏదైన నేమి అని మీరందురేమో. పేరునుబట్టి మన నడత మారునని ఒక సహోదరి వలన నేర్చుకొంటిని. ఆమె అనుమతితోనే, పేరు చెప్పక, ఈ సంగతి వ్రాయుచున్నాను.

ఆ సహోదరి నా పాస్టరేటులోని గ్రామములలో ఒకదానియందు పాఠశాల ఉపాధ్యాయురాలు. నలువది నాలుగేండ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు. ఆ దినములలో బరువు 102 కిలోలు. పదునొకండేండ్లుగా చక్కెర వ్యాధి. ఆరాధనలో అందరును లేచి నిలుచున్నప్పుడు ఆమె మోకాళ్ల బాధచేత ముందరి బల్లను పట్టుకొని నిలుచుండెడిది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి, ఉలికిపడి లేచెడిది. ఆమె ప్రయత్నింపక కాదు. రాత్రి అన్నము మానినది. జొన్నరొట్టె తినినది. తెల్లవారుజామున కాలువగట్టున నడచినది. ఎనిమిది కిలోలు తగ్గెను. ఏడాది తిరుగకముందే పది కిలోలు పెరిగెను. ఇట్లు మూడు మారులు జరిగిన తరువాత, జీర్ణాశయమును చిన్నదిగా చేయు ఆపరేషను చేయించుకొనుట మంచిదని పట్నములోని డాక్టర్లు చెప్పిరి.

ఈ ఆపరేషను మన గ్రామములకు క్రొత్తయైనను లోకమునకు క్రొత్తది కాదు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు జీర్ణాశయపు పైభాగమును వేరుపరచి దానికి ప్రేగును కలుపు పద్ధతిని మొదలుపెట్టెను. నేడు విస్తారముగా చేయు మరియొక పద్ధతిలో జీర్ణాశయమున ఇంచుమించు నాలుగింట మూడు పాళ్లు తీసివేసి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా ఉంచుదురు. పూర్వము పొట్టను పొడవుగా కోయుచుండిరి. ఇప్పుడు కొన్ని చిన్న రంధ్రములు చేసి, గ్యాసుతో పొట్టను ఉబ్బించి, లోనికి కెమెరా పంపి, తెరమీద చూచుచు చేయుదురు. ఇది అందముకొరకు చేయు పని కాదు. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుచేత రెండు మారులు భాగించినయెడల ఒక సంఖ్య వచ్చును. 2022లో వైద్యసంఘములు ప్రకటించిన ప్రమాణము చొప్పున ఆ సంఖ్య 35గాని అంతకు మించిగాని ఉన్నవారికి ఈ ఆపరేషను సలహా ఇయ్యవచ్చును. ఆసియా ఖండపువారికి ఇంకను తక్కువ బరువులోనే కీడు కలుగుచున్నందున మనవారికి 27.5 నుండియే దానిని సూచింపవచ్చుననిరి. మన సహోదరికి ఆ సంఖ్య 42 దాటెను.

ఆపరేషనుకు ముందు పదునాలుగు దినములు చేయవలసిన పథ్యమును ఒక కాగితముమీద వ్రాసి ఆమెకిచ్చిరి. అన్నము వద్దు. రొట్టె, ఇడ్లీ, దోసె వద్దు. బెల్లము, పంచదార, పండ్లరసము వద్దు. నూనెలో వేచినది ఏదియు వద్దు. మూడు పూటల ప్రోటీను పొడిని నీళ్లలోగాని వెన్న తీసిన పాలలోగాని కలిపి త్రాగవలెను. మధ్యమధ్య పలుచని మజ్జిగ, పప్పుకట్టు, కోడిగ్రుడ్డు తెల్లసొన, ఉడికించిన సొరకాయ, బీరకాయ. నీళ్లు రోజుకు రెండు లీటర్లకు తక్కువ కాకూడదు. అంతయు కలిపి దినమునకు 800 మొదలు 1000 కెలోరీలు. పొలములో కష్టపడు మనిషి తిను దానిలో ఇది ఇంచుమించు మూడవ వంతు. మొదటి మూడు నాలుగు దినములు తలనొప్పి, నీరసము, చిరాకు కలుగవచ్చుననియు, తరువాత కొంత సద్దుమణుగుననియు డైటీషియనమ్మ ముందుగానే చెప్పెను.

ఈ సంగతి ఆమె భర్తకు తప్ప ఎవరికిని తెలియదు. సంఘకాపరినైన నాకును ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తరువాత తెలిసికొంటిని, తెలిసికొని సిగ్గుపడితిని.

దానికి మూడు వారములకు ముందు నేను ఏశావును గూర్చి ప్రసంగించితిని. చిక్కుడుకాయల వంటకమునకు జ్యేష్ఠత్వమును అమ్ముకొనినవానిని గూర్చి చెప్పుచు, మాటల వేగములో, "ఈ దినములలో నోరు కట్టుకోలేనివాళ్లు కత్తిని ఆశ్రయిస్తున్నారు" అంటిని. ఎప్పుడో పత్రికలో చూచిన సంగతిని తలంచుకొని అన్న మాట అది. కొందరు నవ్విరి. ఆ దినమున ఆమె మూడవ బల్లమీద కూర్చుండియుండెను.

ఆమె పథ్యములో ఆరవ దినమున మా కోత పండుగ వచ్చెను. ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు కానుకలుగా తెచ్చిరి. వేలముపాట ముగిసిన తరువాత గుడి ఆవరణములో బంతులు తీర్చితిమి. పండుగనాడు సంఘకాపరి తన చేతితో వడ్డించుట మాలో వాడుక గనుక మాంసపు కూర బొక్కెన నేనే పట్టుకొంటిని. ఆమె విస్తరిలో నాలుగు దోసకాయ ముక్కలు తప్ప ఏమియు లేవు. "ఏమమ్మా, పండుగపూట పస్తా? దేవుడిచ్చిన పంటను కాదనకూడదు" అని, ఆమె చేయి అడ్డుపెట్టుచున్నను అన్నము పెట్టించి కూర పోసితిని. ప్రక్కవారు నవ్వుచు, "అయ్యగారి చేతి వడ్డన, తినాల్సిందే" అనిరి. ఆమె తల వంచుకొని తినెను.

ఒక్క విస్తరి భోజనముతో ఆపరేషను చెడిపోదు. కాని ఆ భోజనము ఆమె మనస్సను చెరువుకట్టకు గండి కొట్టెను. 'ఎలాగూ తప్పితిని గదా' అని మరునాడు ఇడ్లీ తినెను. ఆ మరునాడు రాత్రి అందరును నిద్రించిన పిమ్మట పెరుగన్నము తినెను. ఆపరేషను దినము దగ్గరపడిన కొలది భయమును, భయముతోకూడ ఆకలియు పెరిగెను. మిఠాయి పొట్లము తెప్పించుకొని ఒంటరిగా తినెను. ఆసుపత్రిలో చేరిననాడు డైటీషియనమ్మ, "పథ్యం సరిగ్గా జరిగిందా అమ్మా?" అని అడుగగా, "జరిగిందండీ" అనెను.

మత్తు ఇచ్చి, రంధ్రము చేసి, కెమెరా పంపిన డాక్టరుగారికి జీర్ణాశయము సరిగా కనబడలేదు. లివరు, అనగా కాలేయము, దానిమీద బరువుగా, పసుపు వన్నెతో పరచుకొనియుండెను. పనిముట్టుతో పైకెత్తబోగా దాని అంచు చిట్లి రక్తము వచ్చెను. ఆయన రక్తమును ఆపి, ఇక ముందుకు పోక, రంధ్రములను కుట్టివేసెను. బయటికి వచ్చి ఆమె భర్తతో, "ఈ రోజు చేయడం క్షేమం కాదు. కాలేయం తగ్గాక మళ్లీ చూద్దాం" అని నెమ్మదిగా చెప్పెను.

నేను వార్త విని పోయి మంచము ప్రక్కన కూర్చుండి ప్రార్థింపబోవుచుండగా ఆమె నన్ను ఆపెను. "అయ్యగారూ, ముందు నా మాట వినండి. నేను పరీక్షలో తప్పాను. ఆ అమ్మకు అబద్ధం చెప్పాను. నిజం చెబితే, ఈ మాత్రం నోరు కట్టుకోలేనిదానివి, నీకు ఆపరేషను దండగ, ఇంటికి పో అంటారనుకున్నాను. గుడిలో మీరన్నది కూడా అదే గదా" అని ఏడ్చెను. ఆ గడియలో నా నోట ప్రార్థన రాలేదు. ఏశావును గూర్చి నేను అన్న మాటయు, ఆమె విస్తరిలో నేను పోసిన కూరయు నా కన్నుల యెదుట నిలిచెను.

ఇంటికి వచ్చి అనేక దినములు దీనిని గూర్చి ఆలోచించితిని. ఆమె తప్పినది ఎక్కడ? ఆకలికి లొంగుటలోనా? ఆకలికి లొంగనివాడు మనలో ఎవడు? ఆమెను అపాయమునకు తెచ్చినది లొంగుట మాత్రమే కాదు, దాచుట. ఆమె ఎందుకు దాచెను? పథ్యమును పరీక్ష అని యెంచెను గనుక. పరీక్ష అనుకొనినవాడు తన తప్పును దాచును, ఏలయనగా తప్పు బయటపడినచో బహుమానము పోవునని వానికి భయము. బడిపిల్లలు పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుదురు. కాని విత్తుటకు ముందు దుక్కి దున్నుటలో ఏ రైతైన మోసము చేయునా? దున్నని చేనును దున్నితినని చెప్పి ఎవనిని మోసగించును? గింజ పడినప్పుడు చేనే నిజము చెప్పును. ఆమె కాలేయము అట్లే నిజము చెప్పెను.

పథ్యము పరీక్ష కాదు, దుక్కి అని తెలియుటకు దేహములో జరుగు సంగతిని కొంచెము గ్రహింపవలెను. కాలేయము మన లోపలి అవయవములలో మిక్కిలి పెద్దది. పెద్దవారిలో ఇంచుమించు కిలోన్నర తూగును. దాని ఎడమభాగము జీర్ణాశయపు పైభాగమును కప్పియుండును. అన్నము, పిండివంటలు, తీపి వలన వచ్చిన చక్కెరలో కొంత గ్లైకోజెన్ అను రూపమున అక్కడ నిలువయుండును. ఆ నిలువ తనతోకూడ దానికి దాదాపు మూడింతలు నీటిని పట్టి ఉంచును. స్థూలకాయులలో క్రొవ్వుకూడ చేరి కాలేయము బరువెక్కి, పెళుసై, ముట్టుకొనిన చిట్లునట్లుండును. పిండిపదార్థములు తగ్గించినప్పుడు మొదట ఆ నిలువ ఖర్చగును, నీరు పోవును, తరువాత క్రొవ్వు తగ్గనారంభించును. అప్పుడు డాక్టరు దానిని సులువుగా పైకెత్తి తన పని తాను చూచుకొనగలడు.

ఇది ఊహ కాదు. 2006లో ఆస్ట్రేలియా దేశపు వైద్యులు ప్రకటించిన పరిశోధనలో 32 మందిచేత పండ్రెండు వారములు ఇట్టి పథ్యము చేయించి కొలువగా, కాలేయము సగటున నూటికి 19 వంతుల మేరకు తగ్గెను. ఆ తగ్గినదానిలో నూటికి 80 పాళ్లు మొదటి రెండు వారములలోనే తగ్గెను. పదునాలుగు దినములు అని కాగితముమీద వ్రాయుటలోని మర్మమిది. 2011లో వెలువడిన మరియొక పరిశోధనలో దాదాపు 300 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుచేత రెండు వారములు పథ్యము చేయించిరి. ఆపరేషనుకు పట్టిన కాలములో భేదము కనబడలేదు. అయితే పథ్యము చేసినవారి విషయమున పని సులువుగా జరిగినదని డాక్టర్లు చెప్పిరి. తరువాతి నెల దినములలో చిక్కులు పథ్యము చేయని గుంపులో 18, చేసిన గుంపులో 8 మాత్రమే.

అయితే పథ్యమును నిజముగానే పరీక్షగా మార్చినవారును ఉన్నారు. అమెరికాలో కొన్ని ఇన్సూరెన్సు కంపెనీలు, ఆపరేషను ఖర్చు భరించుటకు ముందు, రోగి అనేక మాసములు ఆహార నియమము పాటించినట్లు, లేక ఇంత బరువు తగ్గినట్లు చూపవలెనని షరతు పెట్టుచు వచ్చినవి. తగ్గించుకొనలేక వచ్చినవానిని ముందు తగ్గించుకొని రమ్మనుట యిది! 2022లో అమెరికాలోని ఈ శస్త్రవైద్యుల సంఘమును, వారి అంతర్జాతీయ సమాఖ్యయు కలిసి, ఇట్టి షరతునకు శాస్త్రాధారము లేదనియు, ఇది రోగులయెడల వివక్ష అనియు ప్రకటించినవి. చూడుడి, పైకి చూచిన రెండును ఒక్కటే: తిండి తగ్గించుట. కాని ఒకటి ద్వారమును తెరచుటకు, మరియొకటి ద్వారమును మూయుటకు. నేను ప్రసంగపీఠము నుండి అన్న మాట ఆ రెండవ జాతికి చెందినది.

ఇక్కడ మా సంఘపెద్ద ఒకాయన నన్నొక మాట అడిగెను. "అయ్యగారూ, పద్నాలుగు రోజులు నోరు కట్టుకోగలిగిన మనిషి పద్నాలుగు నెలలు కట్టుకోలేదా? దానియేలు పది రోజులు శాకధాన్యాదులు తిని ఉండలేదా? ఇక కత్తి ఎందుకు?" ప్రశ్న న్యాయమైనదే. కాని దానియేలు అడిగినది పరీక్షయే. అతడే దానిని కోరెను, పది దినములని గడువును అతడే పెట్టెను. చక్కెర వ్యాధితో వచ్చిన స్త్రీకి ఆ గజముబద్దను పెట్టరాదు. మరియు దేహము తన బరువును కాపాడుకొనుటకు తానే పోరాడును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు ఆకలి పుట్టించు హార్మోనును కనుగొని దానికి గ్రెలిన్ అని పేరు పెట్టిరి. అది ఎక్కువగా జీర్ణాశయమునుండియే వచ్చును. తిండి తగ్గించి బరువు తగ్గినవారిలో అది పెరుగునని 2002లో తేలెను. అనగా మనిషి ఎంత తగ్గిన ఆకలి అంత గట్టిగా పిలుచును. జీర్ణాశయమును గొట్టముగా చేయు ఆపరేషనులో ఆ హార్మోను పుట్టు చోటు చాలవరకు తీసివేయబడును. ఈతగాడు చెరువులో ఒక నిమిషము ఊపిరి బిగబట్టి మునుగగలడు. ఒక నిమిషము ఉండగలవాడు నీళ్లలోనే కాపురముండరాదా అని వానిని అడుగుదుమా? గట్టు కనబడుచున్నది గనుక వాడు బిగబట్టెను.

మన పెద్దలకు పథ్యము క్రొత్త మాట కాదు. బాలింతకు పథ్యము పెట్టుదుము. కామెర్లు వచ్చినవానికి నూనె మాన్పించుదుము. బాలింతను చూచి, నీవు బిడ్డకు తగిన తల్లివో కాదో ఈ పథ్యముతో చూతము అని ఎవరైన అందురా? ఇల్లంతయు ఆమెకు అనుకూలపడును. అత్తగారే వేరుగా వండి పెట్టును. స్థూలకాయునికి పథ్యము చెప్పినప్పుడు మాత్రము మనము న్యాయాధిపతులమై కూర్చుందుము. ఎందుకు? వాని వ్యాధిని మనము వాని పాపమని ముందుగానే తీర్పు తీర్చితిమి గనుక.

ఈ సందర్భమున రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయములోని నయమాను నాకు క్రొత్తగా కనబడెను. అతడు సిరియా సైన్యాధిపతి, కుష్ఠరోగి. వెండి, బంగారము, పది దుస్తులు బండ్లమీద వేసికొని వచ్చెను. స్వస్థతకు తగిన వెలను తాను చెల్లింపగలనని అతని తలంపు. ఎలీషా కనీసము బయటికైనను రాక, యొర్దానులో ఏడు మారులు స్నానము చేయుమని కబురంపెను. నయమానునకు కోపము వచ్చెను. ఏలయనగా అందులో అతని గొప్పతనము తేలునది ఏదియు లేదు. ఏడు మారులు మునుగుటచేత ఎవని యోగ్యతయు రుజువు కాదు. మునిగినవాడు స్వస్థతను సంపాదించుకొనినట్లును కాదు. అయినను ఆరు మారులు మునిగి ఏడవది ఎగగొట్టి, మునిగితినని చెప్పినయెడల ఏమగును? ప్రవక్తను మోసగించినవాడగునేమో కాని, చర్మము చర్మముగానే ఉండును. చిన్న విధేయత యొక్క గంభీరత్వమిది. అది మనకు ఘనత తేదు. అయినను దానిని తప్పించుకొని పోవు త్రోవ లేదు.

పరీక్ష కాదన్నచో పథ్యము తప్పిన తప్పేమున్నది అని తేలికగా అనుకొనవద్దు. పరీక్ష తప్పినవాడు మార్కులు పోగొట్టుకొనును. సిద్ధపాటు విషయమై అబద్ధమాడినవాడు తనకు సహాయము చేయువాని కన్నులు కట్టివేయును. డాక్టరుగారు పొట్టలోనికి కెమెరా పంపకముందు ఆయనకున్న కన్ను మన మాటయే. ఆ మాట చెడినయెడల ఆయన చేతిలోని పనిముట్టు గ్రుడ్డిదగును. మన ప్రాణమును ఆయన చేతిలో పెట్టుచు, ఆయనకు నిజమును మాత్రము ఇయ్యకుండుట న్యాయమా?

ఇంకొక భేదమును గమనించుడి. మనము దేవునికి చేయు ఉపవాసమును మనుష్యులకు కనబడకుండ చేయవలెనని ప్రభువు నేర్పెను. పథ్యము అట్టిది కాదు. ఉపవాసము రహస్యముగా చేయుట మేలు. పథ్యము రహస్యముగా తప్పుట కీడు. ఉపవాసము దేవునికిని ఆత్మకును మధ్యనున్నది. పథ్యము రోగికిని, డాక్టరుకును, ఇంటివారికిని, బంతిలో ప్రక్కన కూర్చుండువానికిని మధ్యనున్నది. ఆ సహోదరి పథ్యమును ఉపవాసమువలె ఒంటరిగా మోయవలసి వచ్చినదంటే, ఆ దోషము మనది.

ఆమె గాయములు మానిన తరువాత, కొన్ని వారములకు, రెండవ మారు పథ్యమునకు దినములు నిర్ణయించిరి. ఈ సారి ఆమె కాగితమును మా యింటికి తెచ్చి అమ్మగారికి చూపెను. నా భార్య దానిని చదివి మా వంటింటి గోడకు అంటించెను. ఆదివారము నేను సంఘము నెదుట నిలిచి, ఏశావు ప్రసంగములో నేనన్న మాట తప్పు అని ఒప్పుకొంటిని. ఎవరి పేరును ఎత్తలేదు. స్త్రీల సమాజమువారు ఆ రెండు వారములు కూడికలలో టీ బిస్కత్తులు మానిరి. మేమెవ్వరమును గొప్ప త్యాగము చేయలేదు. ఆమె యెదుట తినలేదు, ఆమెను తినుమనలేదు, అంతే.

తొమ్మిదవ దినమున ఆమె తప్పెను. పొలమునుండి వచ్చిన భర్తకు పప్పన్నము వడ్డించుచు, నిలుచుండియే నాలుగు ముద్దలు తినెను. తెల్లవారగానే డైటీషియనమ్మకు ఫోను చేసి చెప్పెను. నేను అక్కడనే ఉంటిని. అవతలనుండి ఆ అమ్మ, "చెప్పి మంచిపని చేశారు. దాని గురించి బాధపడకండి. ఇప్పటి పూట నుండి మళ్లీ మొదలుపెట్టండి. చక్కెర చూసుకున్నారా?" అని మాత్రమే అనెను. గద్దింపు లేదు, పథ్యమును పొడిగింపలేదు. మన సహోదరి ఫోను పెట్టి చాలసేపు మౌనముగా కూర్చుండెను. పిమ్మట, "ఇంత సులువని తెలిస్తే అప్పుడే చెప్పేదాన్ని అయ్యగారూ" అనెను. ఆ మాట నాకు అనేక ప్రసంగములకంటె ఎక్కువ నేర్పెను. మన సంఘములలో ఎందరు తమ తప్పును చెప్పక దాచుచున్నారో, చెప్పిన మనము ఏమందుమో అను భయము చేతనే గదా!

ఆ ఆపరేషను జరిగెను. కాలేయము తగ్గియున్నదనియు, పని సాఫీగా ముగిసినదనియు డాక్టరుగారు చెప్పిరి. అంతటితో కథ ముగిసినదని చెప్పను. ఇక జీవితాంతము చిన్న చిన్న ముద్దలు, విటమిను మాత్రలు, ఏటేట రక్తపరీక్షలు ఆమెకు ఉండనే ఉన్నవి. అయినను ఆరాధనలో ఇప్పుడు ఆమె బల్ల పట్టుకొనక నిలుచుచున్నది.

ఇది చదివి ఎవరును తమంతట తాము ఈ పథ్యము మొదలుపెట్టవద్దు. ఇన్సులిను గాని కొన్ని చక్కెర మాత్రలు గాని వాడువారు మోతాదు మార్చుకొనకుండ తిండి తగ్గించినయెడల చక్కెర హఠాత్తుగా పడిపోయి, చెమటలు పట్టి, వణకి, స్పృహ తప్పవచ్చును. ప్రతివానికి పథ్యము ఒక్కరీతిగా ఉండదు; కొందరికి పది దినములు, కొందరికి నాలుగు వారములు. డాక్టరు వ్రాసినదే మీ పథ్యము. మరియు ఎవరి ఆపరేషనైన వాయిదాపడెనని వినినప్పుడు, వారు పథ్యము తప్పియుందురని గుసగుసలాడవద్దు. పథ్యము చక్కగా చేసినవారికి సయితము కాలేయ వ్యాధిచేతనో మరి యే కారణముచేతనో అట్లు జరుగవచ్చును. మనకు తెలియని లోపలి సంగతిమీద మనము తీర్పరులము కాము.

కాబట్టి ప్రియులారా, మీ యింటిలో గాని మీ బంతిలో గాని ఎవరైన విస్తరిమీద చేయి అడ్డుపెట్టినప్పుడు ఆ చేతిని గౌరవించుడి. బలవంతము చేయుట ప్రేమ అని మనము అనాదిగా అనుకొనుచున్నాము. కొన్ని వేళల వడ్డింపక దాటిపోవుటయే ప్రేమ. పథ్యములో ఉన్న సహోదరీ, సహోదరుడా, నీవు పరీక్షలో లేవు. నీకు మేలు చేయబోవు చేతికి త్రోవ సరిచేయుచున్నావు. తప్పితివా? నేడే చెప్పుము, ఈ పూటనుండి మరల మొదలుపెట్టుము. నయమానును నదికి నడిపించినది రాజు కాదు, అతని దాసులు. వారు కోపపడక, పరిహసింపక, మెల్లగా బ్రతిమాలి తోడు వెళ్లిరి. అట్టి తోడు మన సంఘములలో ప్రతి రోగికిని దొరకునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.